గదుమ కింద రెండో గదుమ - కత్తి పెట్టని చికిత్సలు

కిందటేడు మా బడిలో పదో తరగతి పిల్లలతో కలిసి గ్రూపు ఫోటో తీయించుకున్నాం. ఫోటో చేతికి రాగానే అందరూ చేసే పనే నేనూ చేశాను. ముందుగా నా ముఖం వెతుక్కున్నాను. భుజం మీదుగా తొంగిచూసిన ఒక పిల్ల, "టీచర్, మీకు రెండు గదుమలు వచ్చినాయి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. పిల్ల అబద్ధం చెప్పలేదు. కుర్చీలో కూర్చుని తల కాస్త వంచినందుకు గదుమ కింద ఇంకో గదుమ స్పష్టంగా కనబడుతూనే ఉంది.

గదుమ అని మన ప్రాంతంలో అంటాం. కోస్తావాళ్ళు గడ్డం అంటారు, పుస్తకాల్లో చుబుకం అని రాస్తారు. ఎద్దు మెడ కింద వేలాడే దాన్ని గంగడోలు అంటాం కదా, మా నాన్న నలభై దాటాక తన మెడ కింది కండను పట్టుకుని, "నాకూ గంగడోలు వచ్చింది చూడండ్రా" అని నవ్వేవారు. ఆయనకు అది నవ్వులాట. ఈ రోజుల్లో దానికి డబల్ చిన్ అని పేరు, దాన్ని పోగొడతామని పట్నంలో వీధికో బోర్డు.

నా ఫోటో సంగతి నవ్వుకుని వదిలేయదగ్గదే. ఈ ప్రసంగానికి కారణం మా అక్క కూతురు. దానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి రెండు నెలల ముందు, ఫోటోల్లో గదుమ సన్నగా పడాలని, ఎవరో స్నేహితురాలు చెబితే ఒక ఊళ్ళో అలంకరణ దుకాణానికి వెళ్ళింది. అక్కడ "కొవ్వు కరిగించే సూది" అని గదుమ కింద వరుసగా పొడిచారు. పొడిచిన మనిషి డాక్టరు కాదు. మరుసటి రోజుకు మెడ ఉబ్బింది. అది మామూలే అన్నారు. ఐదో రోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "చిన్నమ్మా, నవ్వితే నా నోరు ఒక పక్కకు పోతోంది" అంది. ఏడుస్తోందని గొంతు వింటేనే తెలిసింది.

దాని సంగతి మళ్ళీ చెబుతాను. ముందు, గదుమ కింద అసలేముందో చూద్దాం. అది తెలియకపోతే ఏ చికిత్స దేనికో అర్థం కాదు.

అద్దం ముందు నిలబడి గదుమ కింద రెండు వేళ్ళతో పట్టి చూడండి. చేతికి మొదట దొరికేది చర్మం. దాని అడుగున కొవ్వు. కొవ్వు అడుగున మెడ పొడవునా పరచుకున్న పలచని కండపొర ఒకటుంది, పేరు ప్లటిస్మా. పళ్ళు బిగించి కింది పెదవిని కిందికి లాగితే మెడ మీద తాళ్ళలా తేలేది అదే. ఆ కండపొర కింద మళ్ళీ కొంత కొవ్వు, లాలాజల గ్రంథులు, బిళ్ళల్లాంటి చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. ఇంకా లోపల నాలుకకు ఆధారంగా గుర్రపు లాడం ఆకారంలో హయాయిడ్ అనే ఎముక.

బయటికి ఒకేలా కనిపించే రెండో గదుమకు లోపల కారణాలు వేరువేరుగా ఉంటాయి. కొందరికి నిజంగానే కొవ్వు పేరుకుంటుంది. కొందరికి కొవ్వు లేదు, వయసు వల్లనో ఒక్కసారిగా బరువు తగ్గినందువల్లనో చర్మం సాగి వేలాడుతుంది. కొందరికి ఆ కండపొర సడలి తాళ్ళు కడుతుంది. మరికొందరికి పుట్టుకతోనే కింది దవడ చిన్నది, కాస్త వెనక్కి ఉంటుంది, లేదా ఆ లాడం ఎముక కిందుగా ఉంటుంది. వీళ్ళు బక్కపలచగా ఉన్నా గదుమకూ మెడకూ మధ్య మలుపు కనబడదు. మా నాన్నది ఈ చివరి రకం. నాదీ అదే. ఎముక చిన్నదైనవారికి కొవ్వు కరిగించే మందు ఎంత పొడిచినా దవడ పెరగదు కదా. ఈ ఒక్క సంగతి ముందే చెబితే సగం మంది డబ్బు మిగులుతుంది, అందుకే చాలాచోట్ల చెప్పరనుకుంటాను.

ఐతే అసలు అది రెండో గదుమేనా, వేరే వాపా అనేది ఇంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

గళగండం అనే మాట పెద్దవాళ్ళు విన్నదే. థైరాయిడ్ గ్రంథి వాపు అది. ఉప్పులో అయొడిన్ కలపడానికి మన దేశంలో 1962లోనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. దానివల్ల పెద్ద పెద్ద గళగండాలు తగ్గాయి గాని థైరాయిడ్ జబ్బులు పోలేదు. రెండో గదుమ ఉండేది దవడ ఎముక కిందనే. థైరాయిడ్ వాపు ఇంకా దిగువన, గొంతులో ముందుకు పొడుచుకొచ్చే ముడి కంటే కింద ఉంటుంది. చేతిలో చిన్న అద్దం పట్టుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, ఒక గుక్క నీళ్ళు మింగండి. గుటకతోపాటు వాపు పైకి లేచి దిగితే అది థైరాయిడ్‌ది కావచ్చు. నాలుక బయటికి చాపినప్పుడు మెడ మధ్యలో ఒక ఉండ పైకి కదిలితే అది పుట్టుకనుంచి మిగిలిన తిత్తి అయ్యే అవకాశం ఉంది. తినబోయే ముందు, తింటున్నప్పుడు దవడ కింద ఉబ్బి, తర్వాత తగ్గిపోతుంటే లాలాజల గ్రంథి దారిలో రాయి అడ్డం పడిందేమో చూపించుకోవాలి. పిల్లలకు చెవి కింద, దవడ పక్కన నొప్పితో వచ్చే గవదబిళ్ళల సంగతి మీకు తెలిసిందే.

భయపడవలసింది నొప్పి లేని గడ్డకు. కొవ్వు మెత్తగా, రెండు పక్కలా సమానంగా ఉంటుంది. ఒక పక్కే గట్టిగా గోలీకాయలా చేతికి తగిలి, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. మెడ బిళ్ళల్లో క్షయ రావడం మన దేశంలో అరుదేమీ కాదు. దానికి మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, పూర్తిగా వాడితే నయమవుతుంది. మా వీధిలో లారీ నడిపే ఒకాయన దవడ కింది వాపును, ఒళ్ళు చేసిందిలే అనుకుని ఆరు నెలలు తిరిగాడు. నోట్లో మానని పుండు ఉందని అడిగితే గాని చెప్పలేదు. రోజుకు పది పొట్లాల గుట్కా. దవడలో ఒక భాగం తీసేశారు, మనిషి బతికాడు. నోట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు, నోరు తెరవలేకపోవడం ఉండి, దవడ కింద గడ్డ కూడా ఉంటే ఒక్కరోజు ఆలస్యం చేయకండి.

ఇంకొకటి ఉంది. కీళ్ళ నొప్పులకనీ ఆయాసానికనీ పేరు లేని పొట్లాల మందు నెలల తరబడి మింగేవాళ్ళు మన పల్లెల్లో తక్కువేమీ లేరు. ఆ పొట్లాల్లో స్టిరాయిడ్ ఉంటే ముఖం చంద్రబింబంలా గుండ్రమౌతుంది, గదుమ కింద కొవ్వు చేరుతుంది, చేతులు కాళ్ళు మాత్రం సన్నబడతాయి. చూసేవాళ్ళు ఒళ్ళు తేరిందంటారు. అలాంటి మందు వాడుతున్నారని అనుమానముంటే మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, అది ప్రాణానికే ప్రమాదం. పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు.

ఇవేవీ కావు, అది కొవ్వో సాగిన చర్మమో అని తేలిందనుకుందాం. కత్తి పెట్టకుండా చేసే పనులు ముఖ్యంగా నాలుగు. సూది మందు, చలి, వేడి, కండను సడలించే మందు.

సూది మందు కథ కొంచెం ఆసక్తిగా ఉంటుంది. సోయా చిక్కుడు నుంచి తీసే ఫాస్ఫటిడైల్‌కోలిన్ అనే పదార్థాన్ని కొవ్వులోకి ఎక్కిస్తే కొవ్వు కరుగుతోందని బ్రెజిల్ వైద్యురాలు పట్రీసియా రిటెస్ 2001లో రాశారు. ఆ మందు నీళ్ళలో కలవదు కాబట్టి, కలపడానికి పైత్యరసంలోని ఒక ఆమ్లం లవణాన్ని చేర్చేవారు. తీరా 2004లో పరిశీలించి చూస్తే, కొవ్వు కణాలను పగలగొడుతున్నది ప్రధానంగా ఆ చేర్చిన పదార్థమేనని బయటపడింది. పప్పులో రుచి కందిబేడలదనుకుంటే అది తిరగమాతది అన్నట్టు. దాని పేరు డీఆక్సీకోలిక్ ఆమ్లం. మనం తిన్న నూనెను, నెయ్యిని పేగుల్లో విడగొట్టడానికి మన పైత్యరసంలో ఉండేదే. ప్రయోగశాలలో తయారుచేసిన ఆ ఆమ్లాన్ని 2015 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గదుమ కింది కొవ్వుకు అనుమతించింది. అక్కడ కైబెల్లా అనే పేరుతో వచ్చింది.

అనుమతి ఏ షరతులతో ఇచ్చారో వినండి. గదుమ కింద సెంటీమీటరు దూరానికి ఒకటి చొప్పున చుక్కలు పెడతారు. ఒక్కో చుక్కలో 0.2 మిల్లీలీటరు. ఒక్కసారికి 50 పోట్లకు మించకూడదు. మళ్ళీ నెల రోజులైనా ఆగాలి. అలా ఆరుసార్లకు మించకూడదు. పగిలిన కణాల్లోని కొవ్వును శరీరం మెల్లగా తీసేస్తుంది. ఈలోగా వాపు, కమిలిపోవడం, నొప్పి, తిమ్మిరి, గట్టిపడడం చాలామందికి వస్తాయి. ఆ మందుకు కొవ్వు కణమేదో, కండ ఏదో, నరమేదో తేడా తెలియదు. ఎక్కడ పడితే అక్కడ దాని పని అది చేస్తుంది. కాబట్టి పొడిచే చేతికి తెలిసుండాలి.

దవడ అంచు వెంబడి ఒక సన్నని నరం వెళుతుంది. నవ్వినప్పుడు కింది పెదవి మూలను కిందికి లాగేది ఆ నరమే. అందుకే డాక్టరు ముందుగా దవడ అంచుకు సెంటీమీటరు, సెంటీమీటరున్నర కిందుగా గీత గీసుకుని, గీత పైన సూది పెట్టరు. ఇంత జాగ్రత్తగా అనుభవజ్ఞులు చేసిన పరీక్షల్లోనే నూటికి నలుగురికి ఆ నరం దెబ్బతిని నవ్వు వంకర పోయింది. అందరికీ సర్దుకుంది. కొందరికి ఒక్కరోజులో, ఒకరికి 298 రోజులకు.

మా అక్క కూతురికి జరిగింది అదే. పెద్దాసుపత్రిలో చర్మవైద్యుణ్ణి కలిశాం. ఆయన దాన్ని ఈల వేయమన్నారు, పళ్ళు చూపించమన్నారు. "నరం దెబ్బతిందమ్మా, కాలమే మందు. ఎన్నాళ్ళని నేను చెప్పలేను" అన్నారు. ఏ మందు పొడిచారని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. తిరిగి దుకాణానికి వెళ్ళి సీసా చూపించమంటే పారేశామన్నారు, కాగితం అడిగితే మేము కాగితాలివ్వమన్నారు. పెళ్ళి ముహూర్తానికే జరిగింది. తాళి కట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు, ఏ ఫోటోలో చూసినా అది పెదవులు బిగించే ఉంది. అత్తగారివైపు వాళ్ళు పిల్ల బిడియస్థురాలనుకున్నారు. మూడో నెలలో పెదవి సరిగ్గా వచ్చింది. గదుమ కింద రెండు గట్టి ముడులు మాత్రం ఏడాది దాటినా చేతికి తగులుతున్నాయి.

ఇది మా ఇంట్లో మాత్రమే జరిగిన విడ్డూరం కాదు. 2023 డిసెంబరులో అదే అమెరికా సంస్థ, అనుమతి లేని కొవ్వు కరిగించే సూదుల గురించి ప్రజలను హెచ్చరించింది. వాడినవారికి మాయని మచ్చలు, తీవ్రమైన చీము ఇన్‌ఫెక్షన్లు, చర్మం వికారం కావడం, లోపల నొప్పితో కూడిన ముడులు వచ్చాయని చెప్పింది. కొందరు ఇలాంటి మందు తెప్పించుకుని తమకు తామే పొడుచుకున్నారట. వంటింట్లో వేలికి ముల్లు గుచ్చుకుంటే తీయించుకోవడానికి పక్కింటికి పోతాం, మెడలో మనమే సూది పొడుచుకుంటామా!

ఇక చలి. దీనికి మూలం పుల్లైసు అంటే నమ్ముతారా? 1970లో ఇద్దరు వైద్యులు, పుల్లైసు చీకిన ఒక పసిబిడ్డ బుగ్గలో కొవ్వు గట్టిపడిన సంగతి వైద్య పత్రికలో రాశారు. చర్మానికి ఏమీ కాలేదు, లోపల కొవ్వుకే దెబ్బ తగిలింది. కొవ్వు చలికి తొందరగా లొంగుతుందన్నమాట. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకుంటుంది గాని పక్కనున్న చెంబులో నీళ్ళు గడ్డకట్టవు కదా, ఆ పోలిక ఇక్కడ చాలావరకు సరిపోతుంది. అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన మాన్‌స్టీన్, ఆండర్సన్ అనే వైద్యులు ఈ గుణాన్ని పట్టుకుని యంత్రం తయారుకు దారి వేశారు. దాని పేరు కూల్‌స్కల్ప్టింగ్. 2010లో నడుము పక్కలకు, 2015లో గదుమ కిందికి అనుమతి వచ్చింది. చిన్న దొప్పలాంటి పరికరం కండను లోపలికి పీల్చుకుని చల్లబరుస్తుంది. చచ్చిన కణాలను శరీరం రెండు మూడు నెలల్లో తీసేస్తుంది.

ఎంత తగ్గుతుంది? గదుమ మీద చేసిన ఒక పరిశీలనలో కొవ్వు పొర సగటున రెండు మిల్లీమీటర్లు పలచబడింది. రెండు మిల్లీమీటర్లంటే స్కేలు మీద రెండు చిన్న గీతలు. ప్రకటనలో బొమ్మ చూసి వెళ్ళేవాళ్ళు ఆ రెండు గీతలను గుర్తుపెట్టుకోవాలి. ఇందులో ఒక అపాయమూ ఉంది. కొద్దిమందికి కొవ్వు తగ్గడానికి బదులు ఆ దొప్ప ఆకారంలోనే గట్టిపడి పెరుగుతుంది. వైద్య పత్రికల్లో ఇది 2014లో మొదటిసారి వచ్చింది. కెనడాలో పుట్టిన ప్రపంచ ప్రఖ్యాత మోడల్ లిండా ఎవాంజెలిస్టా, ఈ చికిత్స వల్ల తన రూపం పాడైందని 2021 సెప్టెంబరులో బయటపెట్టి దావా వేశారు, 2022లో రాజీ అయ్యింది. అలా పెరిగిన కొవ్వు తనంత తాను పోదు, కత్తి వద్దని వెళ్ళినవాళ్ళు చివరికి కత్తి దగ్గరికే చేరాలి. చలి పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవాళ్ళు దీని జోలికి పోకూడదు.

సూదీ చలీ రెండూ పై కొవ్వుకే. కండపొర కింద ఉన్న కొవ్వును అవి అందుకోలేవు. చర్మం సాగినవాళ్ళకు కొవ్వు తీస్తే ఇంకా వేలాడవచ్చు. గాలి తీసిన బుడగ గుర్తుకు తెచ్చుకోండి.

సాగిన చర్మానికి వేడి చికిత్సలున్నాయి. కడుపులో బిడ్డను చూసే స్కానింగులో వాడే శబ్ద తరంగాలనే, భూతద్దం ఎండను ఒక చుక్కకు చేర్చినట్టు, చర్మం కింద మూడు, నాలుగున్నర మిల్లీమీటర్ల లోతులో కేంద్రీకరిస్తారు. అక్కడ 60, 70 డిగ్రీల వేడి పుట్టి, చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ దారాలు ముడుచుకుంటాయి. తర్వాత రెండు మూడు నెలల్లో కొత్త దారాలు పుడతాయి. అల్థెరపీ అనే ఈ యంత్రానికి 2009లో కనుబొమలు పైకి లేపడానికి, 2012లో గదుమకు, మెడకు అనుమతి ఇచ్చారు. చేసేటప్పుడు నొప్పి బాగానే ఉంటుంది. రేడియో తరంగాలతో వేడిచేసే యంత్రాలు వేరే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాటికి దూరంగా ఉండాలి. ఈ వేడి చికిత్సలు కొంచెం సాగిన చర్మానికి కొంచెం బిగువు ఇస్తాయి. బాగా వేలాడే చర్మానికి ఇవి చాలవు. ఆ మాట డాక్టరే ముందుగా చెప్పాలి.

నాలుగోది బోటాక్స్ అని అందరూ విన్న మందు. మెడ మీద తాళ్ళు కట్టే ప్లటిస్మా కండను సడలించడానికి 2024 అక్టోబరులో దాన్ని అమెరికాలో అనుమతించారు. తాళ్ళు నెమ్మదిస్తాయి, కొవ్వు తగ్గదు, కొన్ని నెలలకు మళ్ళీ మొదటికొస్తుంది. మోతాదు తప్పి పక్క కండలకు పాకితే మింగడం కష్టమౌతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

డబ్బు పెట్టలేనివాళ్ళకు వ్యాయామాలు చెబుతుంటారు. ఆకాశం చూసి ముద్దు పెట్టినట్టు పెదవులు చాపమంటారు, రబ్బరు ఉండ కొరకమంటారు, గదుమకు పట్టీ కట్టుకుని పడుకోమంటారు. వ్యాయామం కండను పెంచుతుంది, దాని మీదున్న కొవ్వును మాత్రమే ఏరి కరిగించదు. శరీరం కొవ్వును తన లెక్క ప్రకారం తీస్తుంది, మనం చూపించిన చోటునుంచి కాదు. రబ్బరు ఉండ అదే పనిగా కొరికితే బుగ్గల పక్క కండ పెరిగి ముఖం వెడల్పవుతుంది, చెవి ముందున్న దవడ కీలు నొప్పి పెడుతుంది. పట్టీ విప్పిన గంటకు అంతా మామూలే. పసుపూ సెనగపిండీ నలుగు పెట్టుకోండి, ఒంటికి హాయి, కాని కొవ్వు జోలికి పోదు.

ఒళ్ళంతా బరువు తగ్గితే గదుమా కొంత తగ్గుతుంది. కొవ్వు రకం వాళ్ళకు ఇదే అన్నిటికంటే చౌక. మా ఊళ్ళో పొద్దున పలహారం ఉగ్గాణి, దానికి తోడు మిరపకాయ బజ్జీలు. నేను ఉగ్గాణి మానలేదు. బజ్జీలు ఆదివారానికి నెట్టాను. రోజుకు ఐదుసార్లు తాగే చక్కెర టీ రెండుకు దించాను. రాత్రి అన్నం బదులు ఒక జొన్న రొట్టె, పుండికూర పప్పు. బడికి నడక. ఎనిమిది నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. గదుమ కొంచెమే తగ్గింది, ఎముక మా నాన్నది కదా.

బరువు సంగతిలో అందం కంటే పెద్ద విషయం ఒకటుంది. మెడ లావైనవాళ్ళలో కొందరికి నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తుంది. పెద్దగా గురక, మధ్యలో నిశ్శబ్దం, మళ్ళీ ఉలిక్కిపడినట్టు ఊపిరి. పగలు కూర్చున్నచోటే కునుకు. దర్జీ టేపుతో మెడ కొలవండి. మగవారికి 43, ఆడవారికి 41 సెంటీమీటర్లు దాటి, ఈ గురక కూడా ఉంటే డాక్టరుకు చెప్పాలి. బండి నడిపేవాళ్ళు తప్పకుండా చెప్పాలి.

ఇవన్నీ విన్నాక కూడా చికిత్స చేయించుకుంటామంటే తప్పేమీ లేదు. అద్దంలో తన ముఖం తనకు నచ్చాలనుకోవడం నేరం కాదు, పెళ్ళికూతురికి అసలే కాదు. నేను కూడా వెళ్ళాను, ఎందుకు దాచాలి? నగరంలో ఒక క్లినిక్కు. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి పుస్తకం తెరిచి బొమ్మలు చూపించింది. ఆరుసార్లకు చెప్పిన మొత్తం నా రెండు నెలల జీతం కంటే ఎక్కువ. ఈ వారమే కడితే తగ్గింపు అంది. ఎవరు చేస్తారమ్మా అని అడిగాను. మా డాక్టరు అంది. ఆయన ఏం చదివారు, రాష్ట్ర వైద్య మండలిలో ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అన్నాను. అమ్మాయి లోపలికి వెళ్ళి వచ్చి, సారు ఈ రోజు రాలేదంది. మందు డబ్బా చూడవచ్చా అన్నాను. నవ్వింది. నేను లేచి వచ్చేశాను. ముప్పై మంది పిల్లలను ప్రశ్నలడిగే ఉద్యోగం ఇక్కడ పనికొచ్చింది.

మీరు వెళితే మీరూ అడగండి. చర్మవైద్యంలో గాని ప్లాస్టిక్ సర్జరీలో గాని పట్టా ఉన్న డాక్టరు, తన చేత్తో నొక్కి చూసి, నాది కొవ్వో చర్మమో ఎముకో చెప్పాలి. మందు సీసా నా కళ్ళ ముందు తెరవాలి, దాని పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ నా కాగితం మీద రాయాలి. తేడా వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. పెళ్ళికో ఫోటోకో చేయించుకునేవాళ్ళు వారాల లెక్కలో కాక నెలల లెక్కలో ముందుగా వెళ్ళాలి. వాపు దిగడానికీ, ఫలితం కనబడడానికీ, ఏదైనా తప్పు జరిగితే సర్దుకోవడానికీ అంత వ్యవధి కావాలి.

నేను చివరికి ప్రభుత్వాసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా చేతికి నీళ్ళ గ్లాసిచ్చి మింగమన్నారు, నోరు తెరిపించి నాలుక కింద వేలితో తడిమారు, ఒక రక్తపరీక్ష రాశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీ దవడ తీరే ఇంత అన్నారు. ఐదు నిమిషాల పని.

సరిహద్దు జిల్లాలవాళ్ళం కాబట్టి ఒక చిన్న మాట చెప్పి ముగిస్తాను. ఆ ఆసుపత్రి వరుసలో నా ముందున్న ముసలమ్మ, మన పల్లెల అవ్వే, కన్నడ డాక్టరమ్మకు చెయ్యి దవడ కింద పెట్టి "గడ్డ, గడ్డ" అని చెబుతోంది. కన్నడంలో గడ్డ అంటే మీసం గడ్డాల్లోని గడ్డం. డాక్టరమ్మకు పాలుపోలేదు. చివర ఎత్వం పెట్టి "గడ్డె" అనాలి, లేదా "గంటు" అనాలి, మన గడ్డ అదే. మనం గదుమ అన్నదాన్ని వాళ్ళు "గద్ద" అంటారు. మా తరగతిలో కన్నడ పిల్లవాడు గద్ద అంటే తెలుగు పిల్లలు ఆకాశం వైపు చూస్తారు. మెడకు "కుత్తిగె", వాపుకు "ఊత", మింగడానికి "నుంగోదు". ఎన్నాళ్ళనుంచి ఉందో వారాల్లో చెప్పండి. నేను ఆ అవ్వ పక్కన నిలబడి ఈ నాలుగు మాటలూ చెప్పాక, డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, మెడ రెండు పక్కలా తడిమి, ఆ రోజే పరీక్షకు పంపించారు.